దేవాలయానికి వెళ్లకుండా ఇంట్లోంచే కుటుంబ చరిత్ర పని: ముందు ఫోన్, తర్వాతే ట్రీ (వంశవృక్షం)

2020 మార్చి చివరికల్లా కడవరి దిన పరిశుద్ధుల సంఘం (మోర్మన్ల సంఘం) దేవాలయాలు ప్రపంచమంతటా మూతపడ్డాయి, కుటుంబ చరిత్ర కేంద్రాలూ అంతే. తర్వాత మళ్లీ తెరుచుకున్నాయి. చనిపోయినవాళ్ల తరఫున చేసే బాప్తిస్మం వంటి విధులు దేవాలయంలో తప్ప జరగవు. 2018లో ప్రకటించిన బెంగళూరు దేవాలయం పని అప్పటికింకా మొదలు కాలేదు. అయితే ఆ విధులకు ముందు పేర్లు, తేదీలు, ఊళ్లు, ఎవరికి ఎవరేమవుతారో తేల్చాలి కదా, ఆ పనికి గడప దాటక్కర్లేదు.

విజయవాడ, గుంటూరు ఇళ్లలో ఎక్కువమంది ముందు సంఘం నడిపే వంశవృక్షాల సైట్ ఫ్యామిలీసెర్చ్ తెరిచి తాతల పేర్లు వెతుకుతారు. మన పల్లెల రికార్డులు అందులో దొరకడం అరుదు, దాంతో రెండు రోజుల్లో విసుగొచ్చి వదిలేస్తారు. తాతమ్మ పేరు కృష్ణలంకలోనో తెనాలిలోనో ఉన్న మేనత్తకు తెలుసు. సైట్ ఎక్కడికీ పోదు. ఎనభై దాటినవాళ్ల గురించి ఆ మాట అనలేం. కాబట్టి ముందు ఫోన్ చెయ్యండి.

పొద్దున టిఫిన్ అయ్యాక, మధ్యాహ్నం కునుకుకు ముందు చెయ్యండి. అరగంట దాటనివ్వొద్దు, అలసిపోతే పేర్లు కలగాపులగం అవుతాయి. చెవుడు ఉంటే ఆ ఇంట్లో మనవణ్ణో మనవరాలినో పక్కన కూర్చోబెట్టి వీడియో కాల్ చేయించండి. రికార్డు చేసుకుంటున్నామని ముందే చెప్పి ఒప్పుకున్నాకే చెయ్యాలి. ఫోన్ స్పీకర్‌లో పెట్టి, పక్కన రెండో ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేస్తే చాలు. ఫ్యామిలీసెర్చ్‌లో ఒక్కో ఫైల్ 15 ఎంబీ మించకూడదు గనుక ముక్కలు ముక్కలుగా ఆపి తీసుకోండి.

"ఏ సంవత్సరంలో పుట్టారు?" అనడిగితే "ఏమో నాయనా" అన్న జవాబే వస్తుంది. కొండగుర్తు పెట్టి అడగండి. విజయవాడలో కృష్ణ మీద పాత ఆనకట్ట తెగింది 1952లో, దివిసీమ ఉప్పెన 1977 నవంబరులో, కృష్ణా పుష్కరాలు 1968, 1980, 1992లో. "ఉప్పెన నాటికి మీ పెద్దమ్మాయి నడుస్తోందా, చంకలో ఉందా?" అంటే సంవత్సరం ఇట్టే తేలుతుంది. తెలుగు సంవత్సరం పేరు చెబితే మాత్రం జాగ్రత్త, అరవై ఏళ్లకొకసారి అదే పేరు తిరిగొస్తుంది. శార్వరి అంటే 2020 కావచ్చు, 1960 కావచ్చు. పైగా అది ఉగాదికి మొదలవుతుంది కాబట్టి 1960 నాటి శార్వరిలో మాఘమాసమంటే ఇంగ్లిష్ లెక్కలో 1961. పాత భూమి కాగితాల్లో ఫసలి (శిస్తు లెక్కల సంవత్సరం) కనిపిస్తే 590 కలపండి, ఆ ఏడాది జులై 1న ఫసలి మొదలైనట్టు.

పిలుపు పేర్లు, అసలు పేర్లు విడిగా రాసుకోండి. బుల్లెబ్బాయి, చిట్టెమ్మ అన్నవి ఇంట్లో పేర్లు, కాగితంలో వేరే ఉంటాయి. ఆడవాళ్లకు ట్రీలో పుట్టింటి ఇంటిపేరే వెయ్యాలి, అందుకే ప్రతి ఆడమనిషి గురించీ "ఆవిడ పుట్టిల్లు ఏది, ఇంటిపేరేమిటి?" అని తప్పకుండా అడగాలి. తాత పేరే మనవడికి పెట్టే ఇళ్లలో తండ్రి పేరు, ఊరు పక్కన లేకపోతే ఇద్దరూ ఒకడైపోతారు.

అడిగింది కాగితంతో సరిచూసుకోవాలి. పెళ్లి శుభలేఖలు, దశదిన కర్మ కార్డులు, రిజిస్టర్ దస్తావేజులు బీరువా దాటి బయటికి రానివ్వండి. దస్తావేజులో "ఫలానా వారి కుమారుడు" అని తండ్రి పేరు, ఊరు, తరచుగా వయసు కూడా ఉంటాయి. ఎస్సెస్సీ సర్టిఫికెట్ మీద పుట్టినరోజును అంతగా నమ్మొద్దు. జూన్ 1, జులై 1 అని ఉంటే బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు వేసిన తేదీ అయ్యుండొచ్చు. లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చింది 1842లో, కాబట్టి లూథరన్ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు పాత సంఘం బాప్తిస్మ రిజిస్టర్‌లో ఆ పేజీ ఉందేమో పాస్టరుగారిని ఫోన్‌లో అడగండి, గుడికి వెళ్లినప్పుడు ఫొటో తీసి పంపుతారు. ఫొటో కిటికీ పక్క వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, కాగితానికి సమాంతరంగా తియ్యాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అక్షరాలు మసకబారతాయి, డాక్యుమెంట్‌గా పంపమనండి.

ఇక ట్రీలో ఎక్కించడం. ఒక ఇంటికి ఒక్కరే ఎక్కించాలి. అన్నదమ్ముల పిల్లలు తలా ఒకచోట అదే ముత్తాతను ఎక్కిస్తే తర్వాత కలపడం నానా తంటా. మేనమామను చేసుకున్న మేనకోడలు రెండు వైపులా వస్తుంది. రెండోసారి కొత్త మనిషిగా చేర్చకుండా, ఆవిడకు ముందే ఉన్న ఐడీతో కలపండి. దత్తత వెళ్లినవాళ్లకు తల్లిదండ్రుల జంటలు రెండూ పెట్టి, ఏది జన్మసంబంధమో ఏది దత్తతో గుర్తించండి. చనిపోయిన తేదీ తెలియకపోయినా "చనిపోయారు" అని పెట్టకపోతే ఆ మనిషి బతికున్నట్టే లెక్క, మీకు తప్ప ఇంకెవరికీ కనిపించరు. జిల్లా ఆనాటిదే వెయ్యాలి: గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది, 1890లో తెనాలిలో పుట్టినవాళ్లది కృష్ణా జిల్లా. బతికున్నవాళ్ల ఆధార్, రేషన్ కార్డు ఫొటోలు మాత్రం ఎక్కించొద్దు.

దేవాలయ విధులకు పేరు రిజర్వు చేసే ముందు ఆగండి. గత 110 ఏళ్లలో పుట్టినవాళ్లయితే అత్యంత దగ్గరి బంధువు అనుమతి కావాలి: భార్య లేదా భర్త, ఎదిగిన పిల్లలు, తల్లిదండ్రులు, తోడబుట్టినవాళ్లు. మన దగ్గర వాళ్లు హిందువులో, ఆర్సీఎం (రోమన్ కేథలిక్) వాళ్లో, లూథరన్లో అయ్యుంటారు. విషయం దాచి సంతకం పెట్టించుకోవడం తప్పు. "బాబాయ్, మా సంఘంలో నానమ్మ తరఫున బాప్తిస్మం తీసుకుంటాం. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ఆవిడ ఇష్టమేనని మా నమ్మకం. మీకు అభ్యంతరం లేకపోతేనే పెడతాను" అని సూటిగా చెప్పండి. వద్దంటే వద్దు. పేరు ట్రీలో ఉంటుంది, రిజర్వు మాత్రం చెయ్యకండి. ఒప్పుకుంటే ఆ మాట వాట్సాప్‌లో రాయించుకుని తేదీతో దాచుకోండి.

ఇంగ్లిష్ చేతిరాత చదవగలిగినవాళ్లు ఖాళీ సమయంలో ఇండెక్సింగ్, అంటే పాత రికార్డుల్లోని పేర్లు, తేదీలు వెతకడానికి వీలుగా ఫ్యామిలీసెర్చ్‌లో ఎక్కించే పని, చెయ్యొచ్చు. లాప్‌టాప్‌లో అయితే మేలు.

నెలకోసారి దూరపు చుట్టాలతో జూమ్ పెట్టుకుంటే పేర్లు సరిచూసుకోవచ్చు. ఉచిత ఖాతాలో 40 నిమిషాలకే కట్ అవుతుంది, కాబట్టి వాదం వచ్చే పేర్లు మొదటే తీయండి. వాదం తెగకపోతే రెండు పేర్లూ ఉంచి, ఎవరు ఏది చెప్పారో నోట్స్‌లో రాసి పెట్టండి.