కర్నూలులోనే ఉండి సివిల్స్ లా ఆప్షనల్‌కి ఎలా ప్రిపేర్ కావాలి?

సివిల్స్ మెయిన్స్‌లో మొత్తం 1750 మార్కులు. అందులో 500 ఆప్షనల్‌వే, అంటే మనం ఎంచుకునే సబ్జెక్టువే, పేపరుకు 250 చొప్పున. లా తీసుకుంటే మొదటి పేపర్లో రాజ్యాంగం, పరిపాలనా చట్టం, అంతర్జాతీయ చట్టం వస్తాయి. రెండో పేపర్లో నేరాలు, టార్టులు (ఒకరి తప్పువల్ల నష్టపోయినవాళ్లు పరిహారం కోరే సివిల్ కేసులు), కాంట్రాక్టులు ఉంటాయి. వాటికితోడు పర్యావరణం, సమాచార హక్కు, సైబర్ చట్టాల వంటివీ చదవాలి. సిలబస్ చూడగానే ఎవరికైనా టెన్షన్ పుడుతుంది. ఎల్.ఎల్.బి. చదవనివాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. తీసుకోకూడదని రూలేమీ లేదు, కానీ పునాది నుంచి మొదలుపెట్టేంత టైము ఉండదు.

ముందు బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానాలేవీ లేని చట్టం అసలు పాఠం చదవండి. గైడు పక్కన పెట్టి చట్టాన్నే చదవాలి. ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో చట్టాలన్నీ ఉచితంగా దొరుకుతాయి. సెక్షన్‌లో 'మరియు' ఉందా, 'లేదా' ఉందా అన్నదాన్ని బట్టే సగం సమాధానం మారిపోతుంది. రోజుకు పది సెక్షన్లు చాలు. చదివాక పుస్తకం మూసి, సొంత మాటల్లో రాసుకోండి.

పాత పుస్తకాలతో జాగ్రత్త. 2024 జులై 1 నుంచి ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ 302 ఇప్పుడు 103 అయింది. మోసం కేసుల్లో జనం నోట నానిన 420 ఇప్పుడు 318లో ఉంది. సీనియర్ల దగ్గర తెచ్చుకున్న నోట్సు పారేయక్కర్లేదు, పాత తీర్పుల్లోని సూత్రాలు చాలావరకు ఇప్పటికీ పనికొస్తాయి. పాత నంబరు పక్కన కొత్త నంబరు ఎర్ర ఇంకుతో రాసుకుంటే చాలు.

తర్వాత కేసులు. అసలు పని ఇక్కడే ఉంది. చాలామంది కేసు పేరు, సంవత్సరం బట్టీపట్టి పరీక్ష హాల్లో ఒకదానికి ఇంకోటి రాసేస్తారు. కేసులో ఏం జరిగిందో తెలిస్తే పేరు దానంతటదే గుర్తుంటుంది. మన దగ్గరి కేసే ఒకటి చూద్దాం.

1977 మే 5 రాత్రి. తెల్లవారితే 6. మూడున్నర ప్రాంతంలో కొందరు కోవెలకుంట్ల సబ్ జైల్లోకి చొరబడి ఏడో నంబరు గదిలోకి బాంబులు విసిరారు. లోపల రిమాండులో ఉన్నది తండ్రీ కొడుకులు. తమ ప్రాణాలకు ముప్పుందని ముందే చెప్పుకున్నా కాపలా సరిగా లేదు. తండ్రి చనిపోయారు, కొడుకు గాయాలతో బయటపడ్డారు. నష్టపరిహారం కోసం కుటుంబం దావా వేసింది. జైలు నడపడం సార్వభౌమ విధి (రాజ్యం మాత్రమే చేసే పని) కాబట్టి మేం పరిహారం ఇవ్వక్కర్లేదని ప్రభుత్వం వాదించింది. హైకోర్టు 1,44,000 రూపాయలు ఇవ్వమంది. 2000లో సుప్రీంకోర్టు ప్రభుత్వ అప్పీలు కొట్టేసింది. ఖైదీ అయినంత మాత్రాన మనిషి మనిషి కాకుండా పోడనీ, 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కు ముందు సార్వభౌమ రక్షణ అన్న వాదన నిలవదనీ చెప్పింది. అదే స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ చల్లా రామకృష్ణారెడ్డి కేసు.

దీన్ని నోట్సులో నాలుగు వరుసల్లో పెట్టండి: ఏం జరిగింది, ప్రశ్న ఏమిటి, ప్రభుత్వం ఏమంది, కోర్టు ఏమంది. ఆ పైన దీనికి ముందున్న కేసులను కలపండి. కస్తూరీలాల్ కేసులో పోలీసులు స్వాధీనం చేసుకున్న బంగారంతో హెడ్ కానిస్టేబుల్ పారిపోయినా ప్రభుత్వానికి బాధ్యత లేదని సుప్రీంకోర్టు అంది. రుదుల్ సాహ్ నిర్దోషి అని తేలాక కూడా 14 ఏళ్లు జైల్లో మగ్గితే, 1983లో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. 1993లో కస్టడీ మరణం మీద నీలబతి బెహరా తీర్పు వచ్చింది. ఇలా వరుసగా చూస్తే కోర్టు ఆలోచన ఎటునుంచి ఎటు నడిచిందో కళ్లకు కడుతుంది. 'రాజ్య బాధ్యత' మీద ఎలా అడిగినా తడుముకోరు. టార్టులకూ రాజ్యాంగానికీ, అంటే రెండు పేపర్లకూ ఇదే నోట్సు పనికొస్తుంది. తీర్పుల పూర్తి పాఠం సుప్రీంకోర్టు తీర్పుల వెబ్‌సైట్ ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా చదవొచ్చు, కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి.

కుదిరితే వారానికోసారి జిల్లా కోర్టుకెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. క్రాస్ ఎగ్జామినేషన్ ఒక్కటి విన్నా, పుస్తకంలో చదివింది మనుషుల మధ్య ఎలా నడుస్తుందో తెలుస్తుంది.

మూడో నెల నుంచే రాయడం మొదలుపెట్టండి. అంతా చదివాక రాద్దామనుకుంటే ఆ రోజు రాదు. మూడు గంటల్లో ఎనిమిది ప్రశ్నలకు గాను ఐదు రాయాలి. 1, 5 తప్పనిసరి. ఒక్కో ప్రశ్నకు దక్కేది 36 నిమిషాలు. 150 మాటల చిన్న సమాధానానికి ఏడు నిమిషాలే. గడియారం ఎదురుగా పెట్టుకుని పెన్నుతో కాగితం మీద రాయండి, ఫోన్లో టైపు చేస్తే చేతికి అలవాటు కాదు. మెయిన్స్ తెలుగులోనూ రాయొచ్చు, కానీ ప్రశ్నపత్రం హిందీ, ఇంగ్లీషుల్లోనే ఉంటుంది. అందుకే తెలుగులో రాసేవాళ్లకు ప్రతి చట్టపదమూ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ నోటికి రావాలి.

రాసినవి దిద్దించుకోవడానికి ఢిల్లీ వెళ్లక్కర్లేదు. మీకు పాఠం చెప్పిన లా కాలేజీ సార్‌నో మేడమ్‌నో, తెలిసిన అడ్వకేట్‌నో అడగండి. "సార్, ఆదివారం ఒక్క అరగంట" అంటే కాదనేవాళ్లు తక్కువ. ఐదు సమాధానాలకు మించి తీసుకెళ్లకండి. వాళ్లు దిద్దిన కాగితం తెచ్చి, అదే ప్రశ్నకు ఆ రాత్రే మళ్లీ సమాధానం రాయండి.