ఆర్కిడ్ పేరు క్లోరోప్లాస్ట్ జీనోమ్‌తో తేలడం లేదా? సమస్య - పరిష్కారం

వెలిగొండల చుట్టుపక్కల మామిడి చెట్ల మీద వేళ్లు వేలాడేసుకుని పెరిగే వండా ఆర్కిడ్‌ను పల్లెల్లో బదనిక అంటారు. పువ్వు లేని రోజుల్లో అది వండానా, దాన్ని పోలిన మరో ఆర్కిడ్ అకాంపేనా అని ఆకు చూసి చెప్పడం కష్టం. వండా వేళ్లు రాస్న పేరుతో మందు సరుకుగా కూడా అమ్ముడవుతాయి. ఎండిన వేరు ముక్క చేతికొస్తే ఇక పేరు చెప్పగలిగేది డీఎన్ఏనే. అందులోనూ ముందుగా చూసేది క్లోరోప్లాస్ట్ జీనోమ్, అంటే ఆకుకు పచ్చదనమిచ్చే క్లోరోప్లాస్ట్‌కు సొంతంగా ఉండే డీఎన్ఏ మొత్తం. నెల్లూరు, ఒంగోలు వైపు ఈ పని మొదలుపెట్టే పీజీ విద్యార్థులకు అడ్డుపడే చిక్కులివి.

డీఎన్ఏ జిగురుగా, గోధుమ రంగులో వస్తోంది

ఆర్కిడ్ ఆకుల్లో జిగురు పదార్థం ఎక్కువ. అది డీఎన్ఏతో పాటే కిందికి దిగుతుంది. ఫినాలిక్ పదార్థాలకు గాలి తగిలితే రంగు మారుతుంది. లేత ఆకు తీసుకుని, సన్నగా చీల్చి, కోసిన చోటే తేమ పీల్చే సిలికా జెల్‌లో పెట్టండి. మే నెలలో ఉదయగిరి ఎండకు ప్లాస్టిక్ కవర్లో వేసుకుని సాయంత్రం దాకా తిరిగితే ఆకు ఉడికిపోతుంది, తర్వాత డీఎన్ఏ తీసే ఏ కిట్టూ కాపాడలేదు. ల్యాబ్‌లో ముందు సార్బిటాల్ బఫర్‌తో కడిగి, డీఎన్ఏ తీసే సీటాబ్ ద్రావణంలో ఫినాలిక్‌లను పట్టేసే పీవీపీ కలిపితే చాలావరకు శుభ్రపడుతుంది.

మాట్‌కే, ఆర్‌బీసీఎల్ రెండు జాతులకూ ఒకేలా ఉన్నాయి

2009లో మొక్కల బార్‌కోడ్‌గా, అంటే జాతిని గుర్తుపట్టే డీఎన్ఏ ముక్కలుగా, ఎంచుకున్న క్లోరోప్లాస్ట్ జన్యువులివి. దగ్గరి జాతుల మధ్య వీటిలో తేడా చాలా తక్కువ. క్లోరోప్లాస్ట్‌లోనే ఉండే వైసీఎఫ్1 జన్యువు, జన్యువుల మధ్య ఖాళీ భాగాలు త్వరగా మారతాయి కాబట్టి అవి చూడండి. అదీ చాలకపోతే మొత్తం క్లోరోప్లాస్ట్ జీనోమ్ చదివించాలి. ఆర్కిడ్లలో అది సాధారణంగా లక్షన్నర బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) దగ్గర ఉంటుంది.

చిన్న భాగం తలకిందులుగా వచ్చింది

ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. క్లోరోప్లాస్ట్ జీనోమ్‌లో ఒక పెద్ద భాగం, ఒక చిన్న భాగం, వాటి మధ్య ఎదురెదురు దిశల్లో ఉండే రెండు ఒకేలాంటి రిపీట్‌లు (మళ్లీ వచ్చే భాగాలు) ఉంటాయి. ఆ రిపీట్‌ల మధ్య మార్పిడి జరుగుతూ ఉంటుంది గనుక, ఒకే ఆకులో చిన్న భాగం రెండు దిశల్లోనూ దొరుకుతుంది. ముక్కలు అతికి జీనోమ్ కట్టే గెట్‌ఆర్గనెల్ లాంటి సాఫ్ట్‌వేర్ రెండు ఫలితాలు ఇస్తే రెండూ సరైనవే. దీన్ని జాతుల మధ్య తేడాగా రాసేస్తే పేపరంతా తప్పవుతుంది. పోల్చబోయే అన్ని జీనోమ్‌లలో చిన్న భాగాన్ని ఒకే దిశకు తిప్పి, ఆ తర్వాతే అలైన్ చేయండి (పక్కపక్కన సరిపోల్చండి).

ఇక జీనోమ్ గుండ్రంగా మూసుకోకపోతే రీడ్లు (యంత్రం చదివిన చిన్న డీఎన్ఏ ముక్కలు) పెంచండి, కే-మర్ (వాటిని అతికేటప్పుడు సాఫ్ట్‌వేర్ పోల్చే తునకల పొడవు) మార్చి చూడండి. ఖాళీని మాత్రం రిఫరెన్స్, అంటే పోలికకు తీసుకున్న వేరే జాతి జీనోమ్, అక్షరాలతో నింపొద్దు. అప్పుడు మీ మొక్కలో మీరు చదివేది వేరే జాతి డీఎన్ఏ.

ఎన్‌డీహెచ్ జన్యువులు లేవు, ఉన్నవాటిలో మధ్యలోనే స్టాప్ కోడాన్లు

ఎన్‌డీహెచ్ అనేది క్లోరోప్లాస్ట్‌లోని ఒక జన్యువుల గుంపు, స్టాప్ కోడాన్ అంటే ప్రోటీన్ తయారీని అక్కడితో ఆపేసే సంకేతం. సీక్వెన్సింగ్ (డీఎన్ఏ చదవడం) పాడైందని డబ్బు పెట్టి మళ్లీ చేయించకండి. ఆర్కిడ్ కుటుంబంలో మొదటగా 2006లో వెలువడిన ఫలనాప్సిస్ అఫ్రొడైటీ క్లోరోప్లాస్ట్ జీనోమ్‌లోనే ఈ జన్యువులు కొన్ని పోయాయి, కొన్ని ముక్కలయ్యాయి. ఎన్నో ఆర్కిడ్లలో ఇదే తంతు. స్టాప్ కోడాన్ ఉన్న చోట రీడ్ల లోతు, అంటే ఆ చోటును ఎన్ని రీడ్లు చదివాయో, చూడండి. బాగుంటే దాన్ని సూడోజీన్‌గా (పనిచేయని జన్యువుగా) నమోదు చేయండి. ఆటోమేటిక్ అనోటేషన్ (జన్యువులకు పేర్లు గుర్తించే సాఫ్ట్‌వేర్) చెప్పిందని బలవంతంగా పూర్తి జన్యువుగా చూపించకండి.

క్లోరోప్లాస్ట్ ఒక పేరు, ఐటీఎస్ ఇంకో పేరు చెబుతున్నాయి

ఆర్కిడ్లలో క్లోరోప్లాస్ట్ సాధారణంగా తల్లి మొక్క నుంచే వస్తుంది. నర్సరీలో కొన్న హైబ్రిడ్‌కు ఎంత పెద్ద జీనోమ్ చదివినా తల్లి జాతి పేరే వస్తుంది, తండ్రి కనపడడు. తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కేంద్రక డీఎన్ఏలోని ఐటీఎస్ అనే భాగాన్ని కూడా తప్పక చదవండి. రెండూ విభేదిస్తే సంకరాన్ని అనుమానించండి. ఆ అనుమానానికి ముందు మాత్రం డేటాబేస్‌లో సరిపోలిన నమూనాకు హెర్బేరియం షీట్ (ఎండబెట్టి భద్రపరిచిన మొక్క నమూనా) ఉందో లేదో చూడండి. నూటికి నూరు శాతం సరిపోలినా, అక్కడ పెట్టిన పేరే తప్పు కావచ్చు. నా దృష్టిలో పువ్వున్న హెర్బేరియం నమూనా లేని జీనోమ్‌కు జాతి పేరు పెట్టనే కూడదు.

ఆ నమూనా కోసం మొక్కను చెట్టు నుంచి పెరికేయకండి. ఒక పూల గుత్తి, ఒక ఆకు, దగ్గర నుంచి తీసిన ఫోటోలు చాలు. పెంచలకోన అడవిలోనైనా, నల్లమలలోనైనా ఆకు తెంపే ముందు అటవీ శాఖ అనుమతి పత్రం చేతిలో ఉండాలి.