అయిదు తీగల బేస్ కొనేముందు లో బి వినండి

షాపులో బేస్ గిటార్ చేతికి రాగానే చాలామంది స్లాప్, అంటే బొటనవేలితో తీగలను కొట్టి వాయించడం, మొదలుపెడతారు. నేను మాత్రం ముందు లావు తీగ, అదే లో బి, ఒక్కటే మీటుతాను. ఓపెన్‌గా, అంటే ఎక్కడా నొక్కకుండా ఒకసారి, అయిదో ఫ్రెట్‌లో (మెడమీది అడ్డకమ్మీల్లో అయిదోదాని దగ్గర నొక్కి) ఒకసారి. అయిదో ఫ్రెట్‌లో వచ్చేది ఇ. పక్కనున్న ఓపెన్ ఇ తీగతో పోల్చండి. రెండూ ఒకే మనిషి గొంతులా ఉండాలి. బి వదులుగా కొట్టుకుంటూ స్వరం తేలకపోతే, ఎంత అందంగా ఉన్నా వద్దు.

ఆ తీగ పలికేది సుమారు 31 హెర్ట్జ్. నాలుగు తీగల బేస్ అడుగు స్వరం ఇ, అది 41. కాబట్టి చిన్న ప్రాక్టీస్ ఆంప్ మీద విని తేల్చకండి, షాపులో ఉన్న పెద్ద స్పీకర్ అడగండి. 35 అంగుళాల స్కేల్‌లో (స్కేల్ అంటే తీగ మోగే పొడవు) బిగువు ఎక్కువే, కానీ మొదటి ఫ్రెట్లకు చెయ్యి బాగా చాచాలి. బాగా చేసిన 34 నాకు చాలు.

బ్రిడ్జి దగ్గర, అంటే గిటార్ ఒంటిమీద తీగలు ఆనే చోట, తీగల ఎడం కొలవండి. స్లాప్‌కు 19 మిల్లీమీటర్లు హాయి. నాలా చర్చిలో, పెళ్లి ఆర్కెస్ట్రాలో వేళ్లతో వాయించేవాళ్లకు 17 సరిపోతుంది.

పట్టీ తగిలించుకుని నిలబడి చేతులు వదిలేయండి. హెడ్, అంటే మెడ చివర, కిందికి వాలితే ఎడమ చెయ్యి కచేరీ అంతా దాన్ని మోయాల్సిందే. నాలుగున్నర కిలోలు దాటినవి నేను ముట్టుకోను. యాక్టివ్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) అయితే 9 వోల్టుల బ్యాటరీ స్క్రూడ్రైవర్ లేకుండా మారుతుందో లేదో చూడండి.

అసలు అయిదో తీగ అవసరమా అంటారా? సింగర్ స్టేజి మీద శ్రుతి ఇ ఫ్లాట్‌కు, అంటే ఇ కంటే అర మెట్టు కిందికి, దించమన్నప్పుడు అడగండి.