పాడైన జిప్ ఫైల్‌ని బాగుచేసే ముందు

పెళ్లిళ్ల సీజన్ అయిపోయి నెలా రెండు నెలలు గడిచాక స్టూడియోలవాళ్లు ఫొటోలన్నీ ఒకే మూటగా కుదించిన జిప్ ఫైల్ లింకులు పంపుతారు, పెన్‌డ్రైవ్‌లు చేతిలో పెడతారు. అప్పుడు మొదలవుతాయి ఫోన్లు: "అన్నా, జిప్ ఓపెన్ కావట్లేదు, కరప్ట్ అంటోంది." సరే తీసుకురమ్మంటే, వచ్చేసరికి నెట్‌లో దొరికిన రిపేర్ సాఫ్ట్‌వేర్లన్నీ ఆ ఉన్న ఒక్క ఫైల్ మీదే ప్రయోగించేసి ఉంటారు. ఫైల్ పాడై పోయేదానికంటే బాగుచెయ్యబోయి పోగొట్టుకునేదే ఎక్కువని నా లెక్క.

ముందు పెన్‌డ్రైవ్ సంగతి చూద్దాం. పెట్టగానే విండోస్ "స్కాన్ అండ్ ఫిక్స్" చెయ్యమంటారా అని అడుగుతుంది. ఇప్పుడే వద్దు. అది డ్రైవ్ లెక్కలు సరిచేసుకుంటుంది గానీ మీ ఫొటోల సంగతి దానికి పట్టదు. అవసరమనుకుంటే ఫైల్‌ని మధ్యలో తెగ్గొట్టి, మిగిలిన ముక్కల్ని సీహెచ్‌కే ఫైళ్లుగా ఓ మూల పడేస్తుంది. ముందు ఫైల్‌ని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. కాపీ ఒకేచోట ఆగిపోతుంటే మళ్లీ మళ్లీ లాగకండి, కొనప్రాణంతో ఉన్న డ్రైవ్ ఆ లాగుడికే పోవచ్చు. లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ అని, పాడవుతున్న డ్రైవ్ నుంచి డేటా కాపీ చేసే ప్రోగ్రాం ఉంది. తేలిగ్గా వచ్చేదంతా ముందు లాగేసి, మొరాయించిన చోట్లకి చివర్లో వస్తుంది. ఎక్కడిదాకా చదివిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా పని మళ్లీ మొదటికి రాదు. అలా వచ్చిన కాపీకి ఇంకో కాపీ తీసి, ప్రయోగాలేవైనా ఆ రెండోదాని మీదే చెయ్యండి. ఎక్స్‌ట్రాక్ట్ చేసేది కూడా ఆ పెన్‌డ్రైవ్‌లోకి మాత్రం కాదు.

తర్వాత అసలు పాడైందా లేదా చూడాలి. స్టూడియోవాళ్ల దగ్గరున్న ఫైల్ ఎన్ని బైట్లో అడిగి మీదాంతో పోల్చండి. తక్కువ ఉంటే డౌన్‌లోడ్ మధ్యలో తెగిందన్నమాట, మళ్లీ దించుకుంటే సరిపోతుంది. సైజు సరిపోయినా సీఆర్‌సీ ఎర్రర్ (డేటా సరిచూసే లెక్క తప్పిందన్న హెచ్చరిక) వస్తుంటే, జిప్‌లు విప్పే ప్రోగ్రాములు సెవెన్‌జిప్‌లోనో విన్‌రార్‌లోనో "టెస్ట్" రెండుసార్లు నడపండి. రెండుసార్లూ ఒకే ఫొటో దగ్గర తప్పు చూపిస్తే ఫైల్‌లోనే లోపం. ఒకసారి ఒక ఫొటో, ఇంకోసారి ఇంకో ఫొటో అంటే మాత్రం మీ ర్యామ్‌నో యూఎస్‌బీ కేబుల్‌నో అనుమానించాలి. వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడండి. శుభ్రంగా ఉన్న ఫైల్‌ని రిపేర్ చేసి పాడుచేసుకునేది ఇక్కడే.

జిప్‌లో ఒక మంచి గుణం ఉంది. ఫిల్ కాట్జ్ 1989లో పీకేజిప్‌తో తెచ్చిన ఈ పద్ధతిలో ప్రతి ఫైల్‌నీ విడివిడిగా కుదిస్తారు. ప్రతిదాని ముందూ ఆయన పేరులోని "పీ, కే" అక్షరాలతో మొదలయ్యే చిన్న హెడర్ ఉంటుంది. మొత్తం జాబితా మాత్రం చివర్లో ఉంటుంది. డౌన్‌లోడ్ తెగినప్పుడు ముందు పోయేది ఆ జాబితానే, అందుకే లోపల వందల ఫొటోలు క్షేమంగా ఉన్నా ఫైల్ తెరుచుకోదు. లినక్స్‌లో జిప్ కమాండ్‌కి రెండు పెద్ద ఎఫ్‌లు (-FF) ఇస్తే ఆ హెడర్లను మొదటినుంచీ వెతుక్కుంటూ కొత్త జాబితా కడుతుంది. అవుట్‌పుట్‌కి వేరే పేరు ఇవ్వడం మరిచిపోకండి. ఆ "పీకే" ఉందో లేదో చూద్దామని నోట్‌ప్యాడ్‌లో తెరిచి అలవాటుగా సేవ్ కొట్టారో, ఉన్నది కూడా పోతుంది.

సెవెన్‌జిప్ వాడి సొంత ఫార్మాట్ అంత ఉదారమైంది కాదు. సైజు తగ్గించడానికి మామూలుగానే చాలా ఫైళ్లని ఒకే బ్లాక్‌గా కలిపేస్తుంది. ఆ బ్లాక్ మొదట్లో దెబ్బ తగిలితే తర్వాతవి దాదాపు పోయినట్టే. విన్‌రార్ వాడే రార్ ఫార్మాట్‌లో, ఇలా కలిపేసే సాలిడ్ ఆప్షన్ పెట్టినా ఇదే బాధ. ఇంకో కుదింపు పద్ధతి బీజిప్2 నయం, గరిష్ఠంగా 900 కేబీ బ్లాకుల చొప్పున కుదించి, ప్రతి బ్లాక్ మొదట్లో గణితంలోని π (పై) విలువ అంకెలు 314159265359 గుర్తుగా పెడుతుంది. బీజిప్2రికవర్ అనే ప్రోగ్రాం వాటిని పట్టుకుని బ్లాకులు విడదీస్తుంది. జీజిప్ అనే ఇంకో పద్ధతిలో దెబ్బకి ముందున్నంతా వస్తుంది, తర్వాతది రావడం కష్టం.

విన్‌రార్‌లో ఎక్స్‌ట్రాక్ట్ చేసేటప్పుడు "కీప్ బ్రోకెన్ ఫైల్స్" టిక్ పెట్టండి. లేకపోతే తప్పున్న ఫైల్‌ని అదే చెరిపేస్తుంది. సగం వచ్చిన వీడియో కూడా ఒక్కోసారి కొంతమేర ఆడుతుంది. ఇక "రిపేర్ డన్" అన్న మాట చూసి పాత ఫైల్ డిలీట్ చెయ్యకండి. జాబితా కొత్తగా కట్టినంత మాత్రాన లోపలి డేటా బాగుపడదు. మళ్లీ టెస్ట్ నడపండి, ఫొటోలు తెరిచి చూడండి. తలంబ్రాల ఫొటోలో పై సగం బాగానే ఉండి, కింద సగం బూడిద రంగు పలకలా ఉందంటే అది అంతవరకే వచ్చిందని అర్థం.

ఆన్‌లైన్ రిపేర్ సైట్ల జోలికి మాత్రం పోవద్దంటాను. పెళ్లి ఫొటోలు సరే, ఆధార్ కాపీలూ పొలం దస్తావేజులూ ఉన్న జిప్‌ని ఎవడి సర్వర్‌కో ఎక్కించడమేమిటి?

ఈసారి మీరే ఇలాంటి మూట (ఆర్కైవ్) రార్‌లో కడుతుంటే, విన్‌రార్‌లో "యాడ్ రికవరీ రికార్డ్" టిక్ పెట్టండి. 3 శాతం అంటే 1000 ఎంబీకి సుమారు 30 ఎంబీ అదనం, అంతే. దాదాపు ఆ మేరకు పాడైతే తిరిగి కట్టుకోగలదు. జిప్‌కి ఆ సదుపాయం లేదు, దానికి పార్2 ఫైళ్లు (పాడైన భాగాన్ని తిరిగి కట్టడానికి పనికొచ్చే అదనపు ఫైళ్లు) విడిగా తయారుచేసి పక్కన పెట్టుకోవాలి. విండోస్‌లో మల్టీపార్ అనే ప్రోగ్రాం ఆ పని చేస్తుంది. ఆ పార్2 ఫైళ్లని జిప్ ఉన్న పెన్‌డ్రైవ్‌లో కాక వేరేచోట ఉంచండి.