మలావీలో వానలు మొదలవకముందే: కొత్తగా వెళ్ళే మిషనరీ దంపతులకు జాగ్రత్తలు

ఆఫ్రికాలోని మలావీలో వానాకాలం నవంబరులో మొదలై ఏప్రిల్ దాకా నడుస్తుంది. అందుకే మన ఊళ్ళలో మే నెలాఖరున చేసుకునే పనులు ఇక్కడ అక్టోబరులో పూర్తికావాలి. ఆ నెలంతా ఎండలు మండిపోతుంటాయి కాబట్టి వాన సంగతి ఎవరికీ గుర్తుండదు. దోమతెరలు కొనడం, మందులు తెచ్చిపెట్టుకోవడం ఎలాగూ చేస్తారు. అంతకన్నా ముందు భార్యాభర్తలిద్దరూ ఒక సాయంత్రం కూర్చుని కొన్ని నిర్ణయాలు తీసుకోవాలి. జ్వరం వస్తే ఎప్పుడు పరీక్ష చేయించాలి, వాగు పొంగితే వెనక్కి తిరగాలా వద్దా అన్నది ముందే అనుకోకపోతే, ఆ పూట పరిచర్య మీది ఆసక్తే గెలుస్తుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

అన్నిటికన్నా ముందు మలేరియా. "మాకు చిన్నప్పుడు వచ్చి తగ్గిందిలే, ఒంటికి అలవాటే" అని మనవాళ్ళు ధైర్యంగా అంటుంటారు. ఆ ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఇక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం. పొద్దున ఒళ్ళునొప్పులతో మొదలై మర్నాటికల్లా మెదడుకో మూత్రపిండాలకో ఎక్కగలదు. మనకు తెలిసిన క్లోరోక్విన్ దీని మీద పనిచేయకపోవడంతో మలావీ 1993లోనే దాన్ని పక్కన పెట్టేసింది. 1875లో స్కాట్లాండ్ మిషనరీలు కేప్ మక్లియర్‌లో, మలావీ సరస్సు ఒడ్డున లివింగ్‌స్టోనియా మిషన్ మొదలుపెట్టారు. జ్వరాలకు మనుషులు పోతుండటంతో 1881లో అదే సరస్సు ఒడ్డున ఉన్న బండావేకి, 1894లో కొండ మీదికి మార్చుకున్నారు. కేప్ మక్లియర్‌లో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళకు విశ్వాసం తక్కువై అలా జరగలేదు. దోమ కడుపులో మలేరియా క్రిమి ఉందని రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో కనిపెట్టిందే 1897లో. వాళ్ళకు తెలియనిది మనకు తెలుసు, కాబట్టి మన బాధ్యత ఎక్కువ.

మా ఇంట్లో పెట్టుకున్న నియమం చెబుతాను. జ్వరం వచ్చినవాళ్ళకు ఆ రోజు నిర్ణయాధికారం లేదు. జ్వరం లేనివాళ్ళు చెప్పిందే జరగాలి. ఎందుకంటే పడుకున్న మనిషి తప్పకుండా "అలసటేలే, రేపటికి తగ్గుతుంది, ఆదివారం వాక్యం చెప్పాలి" అంటారు. ఉపవాస ప్రార్థనలో ఉన్నాం, అయ్యాక చూద్దాం అనడం ఇంకా ప్రమాదం. ప్రార్థన చేయండి, అదే గంటలో వేలి రక్తంతో పరీక్షా చేయించండి. కిట్‌లో నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు ఆసుపత్రిలో మళ్ళీ చేయించాలి. మలేరియా అని తేలితే మామూలుగా ఇచ్చేది ఆర్టిమీథర్-లుమెఫాంట్రిన్. మూడు రోజుల్లో ఆరు మోతాదులు. కొవ్వు ఉన్న ఆహారంతో వేసుకుంటేనే ఆ మందు ఒంటికి సరిగా పడుతుంది. జ్వరంలో అన్నం సయించదు కదా, ఒక గ్లాసు పాలో, గుప్పెడు వేరుశనగపప్పో తిని వేసుకోవచ్చు. రెండో రోజుకే ఒళ్ళు తేలికపడుతుంది. అయినా మిగిలిన మాత్రలు దాచుకోకుండా మొత్తం వాడాలి. మాటలు తడబడుతున్నా, వాంతులు ఆగకపోయినా, మూత్రం నల్లబడినా ఇంట్లో ఉండకూడదు, అర్ధరాత్రైనా బయల్దేరాలి. మలేరియా రాకుండా వేసుకునే మాత్రల సంగతి ఇండియాలో ఉండగానే డాక్టరుతో మాట్లాడుకోండి. గర్భవతి అయినా, కావాలనుకుంటున్నా ఆ మాట ముందే చెప్పాలి. ఆ మాత్రల్లో ఒకటైన డాక్సీసైక్లిన్ అప్పుడు వాడకూడదు, గర్భంతో ఉన్నప్పుడు మలేరియా వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పు.

మన పరిచర్యకే సంబంధించిన ఇంకో జాగ్రత్త బాప్తిస్మాలు. సరస్సులో, చెరువుల్లో, మెల్లగా పారే నీళ్ళలో బిల్హార్జియా అనే జబ్బు ఉంటుంది. నత్తల్లోంచి బయటికొచ్చే సన్నటి పురుగు చర్మంలోంచి ఒంట్లోకి దూరిపోతుంది, దిగినప్పుడు ఏమీ తెలియదు. బాప్తిస్మం పొందేవాళ్ళు ఒకసారి మునిగి లేస్తారు, ఇచ్చే పాస్టర్ గారు మాత్రం గంటసేపు నడుములోతు నీళ్ళలో నిలబడతారు. కుదిరితే సంఘంలోనే ఒక తొట్టి కట్టించి, నీళ్ళు నింపి రెండు రోజులు అలాగే వదిలేస్తే ఆ పురుగులు చచ్చిపోతాయి. సరస్సులోకే దిగాల్సి వస్తే రెల్లు, నాచు ఉన్నచోటు వద్దు. తర్వాత ఒకటి రెండు నెలలకు పరీక్ష చేయించుకోండి, ప్రాజిక్వాంటెల్ అనే మందు ఉంది. షిరే నదిలో అయితే మొసళ్ళు, నీటిగుర్రాలు ఉంటాయి. స్థానిక పెద్దలు వద్దన్న రేవులో దిగనే దిగొద్దు.

బట్టల విషయం చిన్నదే కానీ ఎవరూ ముందుగా చెప్పరు. పుత్సీ ఈగ అని ఒకటుంది, ఆరేసిన తడిబట్టల మీద గుడ్లు పెడుతుంది. ఆ బట్ట కట్టుకుంటే పిల్ల పురుగు చర్మంలోకి వెళ్ళి సెగ్గడ్డలా లేస్తుంది. బయట ఆరేసినవి ఏవైనా, లోదుస్తులూ దుప్పట్లూ తువ్వాళ్ళూ సహా, రెండువైపులా, కుట్లదగ్గర మరీ గట్టిగా ఇస్త్రీ చేయాలి. కరెంటు తరచూ పోతుంది కాబట్టి ఒక బొగ్గుల ఇస్త్రీపెట్టె కొనిపెట్టుకోండి.

నీళ్ళు కాచుకోండి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు చేతికందేలా ఉంచండి. 2022లో మొదలైన కలరాకు ఈ దేశంలో 1,700 మందికి పైగా చనిపోయారు.

ప్రయాణాలకు వస్తే, 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను వచ్చినప్పుడు బ్లాంటైర్ నగరంలో కొండచరియలు ఇళ్ళ మీదికి జారాయి. దేశం మొత్తం మీద చనిపోయినవాళ్ళూ గల్లంతైనవాళ్ళూ కలిపి వెయ్యి దాటారు. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు వెనక కొండవాలు ఉందా, పక్కన వాగు ఉందా చూడండి, అద్దె తక్కువని మొగ్గొద్దు. మట్టి రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే కారు దింపొద్దు, తగ్గేదాకా ఆగాలి లేదా వెనక్కి రావాలి. చీకటి పడ్డాక బండి తీయొద్దు, లైట్లు లేని సైకిళ్ళూ, నడిచిపోయే మనుషులూ కనబడరు. "ఏమండీ, ఇవాళ వద్దు" అని భార్య అంటే ఎందుకని వాదించకుండా ఆగిపోవాలని మేము అనుకున్నాం. ఆయన అన్నా అంతే. కూడిక వచ్చే వారం పెట్టుకోవచ్చు, సంఘం ఏమీ అనుకోదు.

జనవరి నుంచి మార్చి దాకా పాత మొక్కజొన్న అయిపోయి, కొత్తది చేతికి రాని రోజులు. తెల్లవారకముందే గుమ్మం దగ్గర తల్లులు పిల్లలతో నిలబడతారు. మనసు ఆగదు, ఆగకూడదు కూడా. అయితే ఇంటి దగ్గర డబ్బు చేతికివ్వడం మొదలుపెడితే రెండు వారాల్లో మీ దగ్గర ఏమీ మిగలదు, నిజంగా పస్తులున్నవాళ్ళు వరుసలో చివరన ఉండిపోతారు. ఎవరింట్లో పొయ్యి వెలగడం లేదో సంఘపెద్దలకూ అక్కడి అమ్మలకూ తెలుసు. పంట చవగ్గా ఉన్నప్పుడే, మే, జూన్ నెలల్లో బస్తాలు కొని సంఘం పేరున నిలవచేసి, వాళ్ళ చేతులమీదుగా పంచండి. భర్త ఊళ్ళమీద ఉన్నప్పుడు ఒంటరిగా గుమ్మంలో జవాబు చెప్పాల్సింది భార్యే, అందుకే ఎంత, ఎవరికి అన్నది ఇద్దరూ ముందే అనుకోవాలి.

ఆ ఒంటరితనం గురించి కూడా ఒక మాట. క్రిస్మస్ నడివానల్లో వస్తుంది. కరెంటు లేక, సిగ్నల్ లేక, అమ్మతో మాట్లాడలేక చాలామంది చెల్లెళ్ళు డిసెంబరులోనే కుంగిపోతారు. ఇండియా మలావీకన్నా మూడున్నర గంటలు ముందు, కాబట్టి మధ్యాహ్నమే ఫోన్ చేసేయండి, రాత్రికి వాళ్ళు పడుకుంటారు. కందిపప్పు ఇక్కడ దొరుకుతుంది, దక్షిణాన కందులు బాగా పండిస్తారు. చింతపండు, మునగాకు కూడా ఉన్నాయి. వారానికి ఒక సాయంత్రం పరిచర్య మాటలు పక్కన పెట్టి, మీ ఇద్దరి కోసమే పప్పుచారు పెట్టుకుని తినండి.

ఏప్రిల్ తర్వాత సెలవుకు ఇంటికి వెళ్ళినా మలేరియా జాగ్రత్త వదలొద్దు. తిరిగొచ్చిన వారాలకూ, ఒక్కోసారి నెలలకూ జ్వరం బయటపడవచ్చు. అక్కడి డాక్టరు టైఫాయిడో డెంగ్యూనో అనుకోవచ్చు. మీరే ముందుగా "మేము ఆఫ్రికా నుంచి వచ్చాం, మలేరియా పరీక్ష రాయండి" అని చెప్పాలి. మీరు చెప్పలేని స్థితిలో ఉంటే చెప్పడానికి, ఇంట్లో అత్తమామలకో అన్నదమ్ములకో ఆ మాట ముందే చెప్పి ఉంచండి.