నెట్‌వర్క్ లాగ్‌లన్నీ ఒకే సర్వర్‌కి పంపడం ఎలా? ముందు టైం సరిచేయండి

స్విచ్‌లు, రౌటర్లు తమ లాగ్‌లను, అంటే ఎప్పుడు ఏం జరిగిందో రాసుకునే చిట్టాను, చాలావరకు మెమరీలోనే ఉంచుకుంటాయి, కరెంటు పోతే అవీ పోతాయి. ఏం జరిగిందో తెలియాల్సిన రోజునే చేతిలో ఏమీ మిగలదు. అందుకే ఈ సర్వర్.

మెషీన్ గురించి ఎక్కువ ఆలోచించొద్దు. యాభై, అరవై డివైస్‌లకు పాత డెస్క్‌టాప్ చాలు, యూపీఎస్ మీద పెట్టండి. డెబియన్ లినక్స్, లాగ్‌లు అందుకునే ఆర్‌సిస్‌లాగ్ సాఫ్ట్‌వేర్ వేయండి, లాగ్‌లు వచ్చే యూడీపీ 514 పోర్టు మీ డివైస్‌ల ఐపీలకు మాత్రమే తెరవండి. లాగ్‌లకు విడిగా పార్టిషన్ ఉండాలి. డివైస్‌కో ఫోల్డర్, రోజుకో ఫైల్. అన్నీ ఒకే ఫైల్లో పోసేసి తర్వాత వెతుక్కునేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇక అందరూ పాడుచేసేది టైం.

విశాఖ గాజువాకలో ఒక గోడౌన్‌లో రాత్రిపూట లింక్ పడిపోతే నన్ను పిలిచారు. లాగ్ తెరిస్తే సిస్కో స్విచ్ పంపిన లైన్ మీద మార్చి 1, 00:02:14 అని ఉంది. బయటేమో అక్టోబరు వాన. కరెంటు పోయి వచ్చింది, స్విచ్‌కి ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా సరైన టైం తెచ్చుకునే పద్ధతి) లేదు, దాంతో అది 1993 మార్చి 1 నుంచి లెక్క మొదలెట్టింది. డివైస్‌లు లాగ్ పంపే పాత సిస్‌లాగ్ ఫార్మాట్‌లో సంవత్సరం ఉండదు, టైంజోన్ కూడా ఉండదు కాబట్టి అది ఏ ఏడాది మార్చో చూడగానే పట్టుకోలేం. పక్కనున్న రౌటర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంది, అంటే ఇంకో అయిదున్నర గంటల తేడా. ముందు పోయింది కరెంటా, లింకా అని తేల్చేసరికి తెల్లారింది.

కాబట్టి ఒక్క లాగ్ కూడా పంపకముందే సర్వర్‌లో టైం సరిచేసే క్రోనీ ప్రోగ్రామ్ పెట్టి, కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ ఎన్‌టీపీకి కలపండి. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల్లో ఉన్నదీ అదే, లాగ్‌లు 180 రోజులు దాచాలన్నదీ అందులోనే. డివైస్‌లన్నీ మీ సర్వర్ నుంచే టైం తీసుకోవాలి, అన్నిటికీ భారత కాలమానం ఐఎస్‌టీయే. యూటీసీ మేలనేవాళ్లున్నారు, దేశదేశాల్లో ఆఫీసులుంటే సరే, మధురవాడకీ గాజువాకకీ మధ్య పనిచేసేవాళ్లం అర్ధరాత్రి ఫోన్ వస్తే అయిదున్నర కలుపుకుంటూ కూర్చోలేం. టైమ్‌స్టాంప్‌లో సంవత్సరం, టైంజోన్, మిల్లీసెకన్లు వచ్చేలా పెట్టండి. సిస్కో లాగ్‌లో టైం ముందు నక్షత్రం గుర్తు ఉందంటే ఆ టైం నమ్మడానికి లేదు, ఎన్‌టీపీ సింక్ అయ్యేదాకా ఆగండి. సర్వర్‌కి లాగ్ అందిన టైం కూడా ప్రతి లైన్‌లో రాయించండి, డివైస్ గడియారం తప్పినా ఇది నిలబడుతుంది.

తర్వాత డివైస్‌లో లాగింగ్ హోస్ట్‌గా సర్వర్ ఐపీ ఇవ్వండి, ఏ స్థాయి దాకా పంపాలంటే లెవెల్ 6 (మామూలు సమాచారం) చాలు. లెవెల్ 7 డీబగ్, అది ఎప్పుడూ నడిపేది కాదు. సోర్స్ ఇంటర్‌ఫేస్‌గా లూప్‌బ్యాక్ (రౌటర్‌లోపల ఎప్పుడూ మారని ఐపీ ఉండే ఇంటర్‌ఫేస్) పెట్టడం మరవద్దు, లేదంటే దారి మారినప్పుడల్లా ఒకే రౌటర్ వేరే ఐపీతో కనిపించి రెండు ఫోల్డర్లలోకి పోతుంది.

ఇప్పుడు వాడకంలో లేని ఒక పోర్టుకి ల్యాప్‌టాప్ తగిలించి, ఫోన్‌లో టైం చూసుకుంటూ కేబుల్ పీకండి. సర్వర్‌లో ఆ లైన్ అదే సెకనుతో వస్తే తర్వాతి స్విచ్‌కి వెళ్లండి.