గోడౌన్‌లో సరుకు గుట్ట ఎంతుందో రాడార్‌తో కొలవడం ఎలా

ముందు ఒకటి క్లియర్‌గా అనుకుందాం, రాడార్ టన్నులు చెప్పదు, పైకప్పు నుంచి గుట్ట దాకా దూరం మాత్రమే చెప్తుంది, మిగతా లెక్కంతా మనదే.

సెన్సర్ 80 గిగాహెర్ట్జ్‌ది తీసుకోండి. బీమ్, అంటే సెన్సర్ కిందకి వదిలే తరంగాల ధార, సుమారు 4 డిగ్రీలే విచ్చుకుంటుంది కాబట్టి 20 మీటర్ల కింద అది పడే మచ్చ 1.4 మీటర్ల వెడల్పు ఉంటుంది, అదే పాత 26 గిగాహెర్ట్జ్‌ది 10 డిగ్రీలైతే మూడున్నర మీటర్లు, అంటే దూలాలు, గోడలు అన్నీ తగిలి దొంగ ఎకోలు, అంటే గుట్టవి కాని సిగ్నళ్లు, తిరిగొస్తాయి. దుమ్ము లేచినా పర్లేదు, రాడార్ దాటుకుని పోతుంది, శబ్ద తరంగాలతో కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ అయితే అక్కడే తడబడుతుంది.

సరుకు పడే ధార కింద మాత్రం బిగించొద్దు, గోడకి మరీ దగ్గరగానూ వద్దు. గోడౌన్ ఖాళీగా ఉన్నప్పుడే దొంగ ఎకోలని సెన్సర్ తర్వాత పట్టించుకోకుండా రికార్డ్ చేసి పెట్టుకోండి, చాలామంది ఇదే మర్చిపోయి తర్వాత తల పట్టుకుంటారు.

అసలు తలనొప్పి గుట్ట ఆకారం. శంకువులా పోసిన గుట్ట అడుగు వ్యాసం 12 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు అనుకోండి, ఘనపరిమాణం 151 ఘనపు మీటర్లే, అదే శిఖరం రీడింగ్ చూసి అంతా 4 మీటర్లే అని లెక్కేస్తే 452 వస్తుంది, మూడింతలు! అందుకే పెద్ద గోడౌన్‌లో ఒక్కటి చాలదు, నాలుగైదు సెన్సర్లు లేదా త్రీడీ స్కానర్ పెట్టాలి.

చివర్లో ఘనపరిమాణాన్ని బల్క్ డెన్సిటీతో, అంటే ఒక ఘనపు మీటర్ సరుకు బరువుతో గుణించండి, అదీ మీ సరుకుని తూచి తీసిందే, కింద నొక్కుకుపోయిన సరుకు పైదానికంటే బరువుంటుంది మరి.